కోరంగి ఆయా జడ

ఉరి తీసిన మనిషి జడను అద్దాల పెట్టెలో పెట్టి, దానికి నాలుగడుగుల దూరంలో క్యారెట్ కేకు అమ్ముకోవచ్చునని శివపార్వతికి ఆ గురువారం దాకా తెలియదు. ఇన్నేళ్లు లేబొరేటరీలో నెత్తుటి బట్టలు విప్పి చూసిన మనిషి. ఇక తన కడుపులో తిప్పే వస్తువేదీ ఈ భూమ్మీద మిగల్లేదనుకునేది. అది ఒట్టి భ్రమ అని తేలడానికి ఇంగ్లండులో ఎల్డర్‌ఫర్డ్ పాత కోర్టు గుమ్మం దాటితే చాలింది.

ఆ కోర్టు ఇప్పుడు మ్యూజియం. ఎడమ పక్క కాఫీ షాపు, కుడి పక్క బొమ్మల దుకాణం, మధ్యలో ఆ పెట్టె. దుకాణంలో ఉరితాడు ఆకారంలో తాళంచెవుల గొలుసులున్నాయి. గిన్నెలు తుడుచుకునే తువ్వాళ్లున్నాయి. ఒక్కో తువ్వాలు మీద తుప్పు రంగు మరక అచ్చు వేసి, కింద ‘పసివాడి నెత్తురు, అచ్చం అసలులాగే’ అని రాశారు. గోడ మీద శనివారం ఆట గురించి పెద్ద బోర్డు: ‘నెత్తుటి ఆయా కేసు మళ్లీ విచారణకు! తీర్పు మీదే! టికెట్టుతో ఒక బ్లడీ మేరీ ఉచితం.’ ఆయా పేరు మేరీ కాబట్టి, తాగే సరుకు పేరు కూడా అదే కాబట్టి, ఎవరికో ఆ ముచ్చట తట్టింది. తట్టినవాడికి సిగ్గు మాత్రం తట్టలేదు.

మేరీ అన్నది యజమానులు పెట్టిన పేరు. ఇంటిపేరు జాగాలో కోర్టువాళ్లు కొరింగా అని రాసుకున్నారు. కాకినాడలో పుట్టి పెరిగిన శివపార్వతికి అది కోరంగి అని ఎవరూ చెప్పక్కర్లేదు, బస్సెక్కితే ఎంతో దూరం లేదు. ఆయా ఓడెక్కిన రేవు పేరే ఆవిడ పేరైపోయింది. తల్లి ఏమని పిలిచిందో ఎవరూ అడిగిన పాపాన పోలేదు.

మ్యూజియం మేనేజరు ఫియోనా ఎదురొచ్చి చేతులు పట్టుకుంది. మెడలో పూసల దండ, మొహం నిండా ఆప్యాయత.

“శివా, మీరొచ్చారంటే మాకు ఎంత ధైర్యమో! ఇదిగో, ముందు ఇది వినండి,” అని చెవికి పెట్టుకునే యంత్రం చేతికిచ్చింది.

లోపల ఎవరో పెద్దమనిషి గొంతు పాయసం తాగినంత కమ్మగా కథ చెప్పింది. విక్టోరియా రాణి కాలం. మద్రాసు సైన్యంలో పనిచేసి తిరిగొచ్చిన ఒక మేజరు ఇంట్లో, రెండేళ్ల కొడుకు జ్వరంతో పడుకుని తెల్లారేసరికి చచ్చిపోయాడు. మంచం కింద ఇత్తడి పళ్లెం, పళ్లెంలో ఎర్రటి నీళ్లు, అందులో తేలుతూ ఒక బొగ్గు ముక్క. ఇండియా నుంచి వెంట తెచ్చుకున్న ఆయా చీర కొంగు మీద మరక. ఆ మరకకు బట్టలుతికే ఆవిడ సబ్బు రాస్తే వదలడానికి బదులు ఎర్రగా పొంగిందట. ‘పసివాడి నెత్తురే లేచి సాక్ష్యం చెప్పింది’ అన్నాడు లాయరు. ఊపిరాడకుండా నొక్కి చంపిందనీ, ముక్కులోంచి కారిన నెత్తురు పళ్లెంలో కడుక్కుందనీ జ్యూరీ నమ్మింది. ఆయాకు హిందుస్తానీ రాదు. కోర్టు తెచ్చిన దుబాసీకి హిందుస్తానీ తప్ప ఇంకేమీ రాదు. బోనులో ఆవిడ ఏదో చెప్పబోయింది, అర్థం కాలేదు. చేయి గాలిలో గుండ్రంగా తిప్పింది. ఆ మంత్రాలు మానమని జడ్జి మందలించాడు.

శివపార్వతి యంత్రం తీసేసింది. పళ్లెం, ఎర్రనీళ్లు, బొగ్గు, గుండ్రంగా తిరిగిన చేయి. కాకినాడలో తమ వీధిలో గౌను తొడుక్కున్న పిల్లనడిగినా చెబుతుంది అదేమిటో. కానీ అనుమానం సాక్ష్యం కాదు. పరీక్ష చేయకుండా నోరు విప్పడం ఆమె వృత్తిలో మహాపాపం. అందుకని నోటిదాకా వచ్చిన మాట ఆపుకుని పెట్టె వైపు తిరిగింది.

మూడు పాయల జడ. కొస దాకా బిగువు చెడకుండా అల్లి, చివర నూలుదారం ముడేసి ఉంది. జైల్లో ఆఖరి పొద్దున ఆవిడే అల్లుకుని ఉండాలి, ఇంకెవరున్నారు అల్లడానికి? ఉరితాడుకు అడ్డమొస్తుందని కోసేశారు. కోసినవాడెవడో దాచుకున్నాడు. ఆ పెట్టె ముందు ఒక కుటుంబం నిలబడి కేకు తింటోంది. తండ్రి వేలితో అద్దం మీద కొట్టి చూపించాడు, చేపల తొట్టి దగ్గర నిలబడ్డట్టు.

“మన మాట గుర్తుందిగా?” అంది శివపార్వతి ఫియోనాతో. “కొంగు మీద ఉన్నది నెత్తురు కాదని తేలితే జడ నాకిచ్చేయాలి. ఆవిడ ఊరు తీసుకెళ్లి అక్కడి నీళ్లలో కలుపుతాను. ఆ షరతు మీదే శనివారం వస్తానన్నాను.”

“అయ్యో, అదేం మాట! నెత్తురు కాకపోతే ఆ జడ ఇక్కడ ఉండటానికే వీల్లేదు. నేను మాటిస్తున్నాను,” అంది ఫియోనా, గుండెల మీద చేయి వేసుకుని.

శుక్రవారం పొద్దున మిల్టన్ కీన్స్ శివార్లలో, గోడౌన్ల మధ్య ఉన్న లేబొరేటరీలో శివపార్వతి గౌను తొడుక్కుని, రెండు జతల గ్లవ్స్ వేసుకుని, బల్ల మీద కొత్త కాగితం పరిచింది. మ్యూజియం వాళ్లు పంపిన పొట్లం సీలు విప్పింది. లోపల జానెడు వెడల్పు కొంగు ముక్క. ముతక నూలు, మాసిన తెలుపు, మధ్యలో ఆకు పరిమాణంలో గోధుమరంగు మచ్చ. ఇంతకాలం చీకటి పెట్టెలో ఉండబట్టి ఆ మాత్రం మిగిలింది.

ముందు నెత్తురు కోసం చూసింది. దారప్పోగు ఒకటి పట్టకారుతో లాగి నానబెట్టి, నెత్తురును పట్టే స్ట్రిప్ మీద చుక్క వేసింది. గీత పడలేదు. పాతబడితే పడకపోవచ్చు గనక దాన్ని నమ్మి ఊరుకోలేదు. గదిలో దీపాలార్పి, కంటికి అద్దాలు పెట్టుకుని, నీలిదీపం వెలిగించింది. నెత్తురైతే ఆ వెలుగులో నల్లగా గుంటలా కనిపించాలి. ఇది నల్లబడలేదు. నిమ్మపండు రంగులో, పచ్చగా, సిగ్గూ ఎగ్గూ లేకుండా మెరిసింది.

ఆ మెరుపు ఆమెకు కొత్త కాదు. వంటింటి గట్టు మీద రోజూ తుడుస్తున్నదే.

తర్వాత రెండు పోగులు గాజు పలక మీద పెట్టింది. ఒకదాని మీద సబ్బునీళ్ల చుక్క. గోధుమరంగు కదిలి, ఎర్రబడి, చుట్టూ పాకింది. రెండోదాని మీద వెనిగర్ చుక్క. అది పసుప్పచ్చగా తేలిపోయింది. యంత్రంలో పెట్టిన పోగు సాయంత్రానికి అదే మాట చెప్పింది: పసుపు, సున్నం. సబ్బు తగిలినా సున్నం తగిలినా పసుపు ఎర్రబడుతుంది. పారాణి పెట్టుకున్న ప్రతి ఆడమనిషికీ తెలిసిన సంగతి ఒక దేశపు న్యాయస్థానానికి తెలియకపోవడం వల్ల ఒక మెడ విరిగింది.

అప్పుడు ఆమె కొంగుతో పాటు వచ్చిన పిల్లాడి శవపరీక్ష కాగితం ఇంకోసారి చదివింది. గొంతులో బూడిదరంగు పొర, మెడ వాపు. డిఫ్తీరియా అని ఈ కాలపు పిల్లల డాక్టరెవరైనా నిద్రలో లేపినా చెబుతాడు. ఆ రోజు కోసిన డాక్టరు పొరను చూశాడు, రాశాడు, పక్కన పెట్టాడు. నల్ల ఆయా చేతిలో ఎర్ర పళ్లెం ఉండగా గొంతులో పొర ఎవడికి కావాలి?

ఆమెకు ఒళ్లు మండింది. కేసు తికమకదైతే ఇంత మండేది కాదు. పిల్లాడు గిలగిల్లాడుతుంటే ఇంటిల్లిపాదీ నిద్రపోయారు. మేలుకున్న ఒక్క మనిషి, తనకు తెలిసిన ఒకే ఒక్క వైద్యం చేసింది. పళ్లెం కలిపి దిష్టి తీసింది. దానికి బహుమానం ఉరి. శివపార్వతి బల్ల తుడిచి, మళ్లీ తుడిచి, సీలు వేసి సంతకం పెట్టింది.

మాటలతో చెబితే ఆ జనం తలకెక్కదు, కళ్ల ముందు కలిపి చూపాలి. ఇంటికి పోతూ తమ వీధిలోనే ఉండే పుష్పలీల ఆంటీ తలుపు కొట్టింది. ఆంటీది హైదరాబాదు. ఆవిడ ఇంట్లో పాన్‌దాన్, అందులో లండన్ ఈస్ట్ హామ్ నుంచి తెప్పించుకున్న సున్నం డబ్బా ఎప్పుడూ ఉంటాయి.

“ఎర్రనీళ్లా? గదెంత పని బిడ్డా! పసుపు నీళ్లల్ల ఇంత సున్నం ఎయ్యి, గంతే. బొగ్గు ముక్క ఏస్తే ఇంకా మంచిది. మా సారు బార్బెక్యూ సంచి షెడ్డుల ఉన్నది, తీస్కపో. ఏంది, హాసినికి దిష్టి తాకిందా?”

“మా పిల్లకి కాదాంటీ. వేరే పిల్లాడికి. ఎప్పటి పిల్లాడో.”

“మరి తీస్తే తగ్గిందా?”

“లేదాంటీ. చచ్చిపోయాడు. దిష్టి తీసిందని ఆయాని ఉరి తీశారు.”

పుష్పలీల ఆంటీ తమలపాకు ఈనె తీస్తున్నది కాస్తా ఆగిపోయింది. “గీ దేశంలనా?”

“ఈ దేశంలోనే.”

“థూ,” అంది ఆంటీ. సున్నం డబ్బాతో పాటు గూట్లోంచి ఇత్తడి పళ్లెం కూడా తీసి చేతిలో పెట్టింది. “ఇంట్లనే ఉంచుకో, ఎనకకి తేవద్దు.”

ఇంట్లో భర్త విజయభాస్కర్ లాప్‌టాప్ మూయకుండానే అంతా విన్నాడు. “రిపోర్టు మెయిల్ చేసి ఊరుకోవే. నీకెందుకా గోల? వాళ్లందరి ముందూ నిలబడి పసుపు, సున్నం, బొగ్గూ అన్నావనుకో, ఇండియా నించి ఇంకో మంత్రగత్తె దిగిందంటారు.”

“నేను సైంటిస్టునండీ.”

“ఆ మాట నాకు తెలుసు. వాళ్లకి తెలియాలిగా.”

హాసిని సోఫాలో కాళ్లు ముడుచుకుని ఫోన్‌లో మ్యూజియం దుకాణం తెరిచి చూస్తోంది. తెలుగు అంతా అర్థమవుతుంది, నోట్లోంచి మాత్రం ఇంగ్లీషే వస్తుంది. “మమ్, దే యాక్చువల్లీ సెల్ ద టీ టవల్? దట్స్ డిస్గస్టింగ్,” అంది. శివపార్వతికి ఆ పూట మొదటిసారి ప్రాణం కాస్త కుదుటపడింది. అసహ్యం పుట్టాల్సిన చోట పుడుతోంది, ఇంకేం కావాలి!

శనివారం కోర్టు హాలు కిటకిటలాడింది. పైన బాల్కనీలో కూడా జనమే. ప్రతి చేతిలో ఎర్రటి గ్లాసు, గ్లాసులో సెలరీ కాడ. ఇళ్ల బ్రోకరు పని చేసి రిటైరైన ఒకాయన విగ్గు పెట్టుకుని జడ్జి అయ్యాడు. ఆయా వేషం వేసింది హౌన్స్‌లో అనే ఊరి నుంచి వచ్చిన ఒక పంజాబీ కాలేజీ పిల్ల. ఆ పిల్లను దర్శకుడు నోటికొచ్చిన శబ్దాలు చేయమన్నాడు. తెలుగనుకోమన్నాడు కాబోలు. పిల్ల గుడ్లు తిప్పి, చేయి గాలిలో గుండ్రంగా తిప్పి, బలబల ఏదో అంటే హాలంతా గొల్లున నవ్వింది. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అంటారు. ఇక్కడ ఎలుక ప్రాణం ఎప్పుడో పోయింది, చెలగాటం మాత్రం ఆగలేదు.

శివపార్వతిని బోనెక్కించారు. ఆమె గొంతు పెంచలేదు. కొంగును పలక మీద పరిచి దీపాలార్పమంది. నీలిదీపం పడగానే చీకట్లో ఆ మరక పచ్చగా వెలిగింది. “నెత్తురు ఇలా వెలగదు,” అంది. దీపాలు వేయించి, రెండు పోగులను పెద్ద తెర మీద చూపించింది. సబ్బునీళ్లు, ఎరుపు. వెనిగర్, పసుపు. ఆఖరికి ఇత్తడి పళ్లెంలో నీళ్లు పోసి, పసుపు కలిపి, వేలికొసతో కాస్త సున్నం వేసింది. నీళ్లు గిర్రున తిరిగి ఎర్రబడ్డాయి. బొగ్గు ముక్క పడేసింది.

“మంచం కింద దొరికింది ఇదే. మా ఊళ్లలో పిల్లలకు జబ్బు చేస్తే చెడ్డ కళ్లు పడ్డాయని ఇది కలిపి, పిల్లాడి చుట్టూ మూడుసార్లు తిప్పి బయట పారబోస్తాం. దానివల్ల జబ్బు తగ్గదు. పిల్లాడు చచ్చిపోయింది డిఫ్తీరియాతో. కాగితం మీద గొంతులో పొర ఉంది, ఎవరూ పట్టించుకోలేదు. బోనులో ఆవిడ చేయి తిప్పింది మంత్రం వేయడానికి కాదు. భాష లేక చూపించింది, నేను చేసింది ఇదీ అని. ఆవిడ వాణ్ణి చంపలేదు. ఆ ఇంట్లో వాణ్ణి బతికించాలని చూసిన మనిషి ఆవిడొక్కతే.”

ముందు వరసలో ఒక ముసలావిడ కళ్లు తుడుచుకుంది. తీర్పు ప్రేక్షకులదే, పచ్చ కార్డులు ఎత్తితే నిర్దోషి. హాలంతా పచ్చబడింది. తర్వాత చప్పట్లు మొదలయ్యాయి. మాంత్రికుడు టోపీలోంచి కుందేలును తీస్తే కొట్టే చప్పట్లు. వెనకనుంచి ఒకడు అరిచాడు: “ఇంకొక్కసారి ఎర్రగా చేస్తారా? ఫోన్ ఆన్ చేయడం మర్చిపోయాను!”

బయటికి వస్తుంటే ఆయా వేషం పిల్ల మేకప్ తుడుచుకుంటూ దగ్గరికొచ్చింది. “సారీ ఆంటీ,” అంది. “నిజంగా ఆవిడ ఏమని ఉంటుంది?” శివపార్వతి చెప్పింది. ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి, చూసినవాళ్ల దిష్టి, చూడనివాళ్ల దిష్టి. పిల్ల రెండుసార్లు మెల్లగా అనుకుని తల వంచుకుని వెళ్లిపోయింది.

“జడ రేపు పొద్దున తీసుకెళ్లండి, అన్నీ సిద్ధం చేయిస్తాను,” అంది ఫియోనా, చెమర్చిన కళ్లతో కౌగిలించుకుని.

ఆదివారం పొద్దున శివపార్వతి ఉతికి ఆరేసిన తెల్ల పంచె ముక్కొకటి మడిచి సంచిలో పెట్టుకుంది, జడను అందులో చుడదామని. తీరా పోయి చూస్తే జడ పెట్టెలోనే ఉంది. పైన కొత్త బల్బు వెలుగుతోంది. కింద కొత్త చీటీ: ‘నిర్దోషి ఆయా జడ. ఆమెకు న్యాయం చేసింది మీరే!’ పక్కన బల్ల మీద పదో పన్నెండో చిన్న పళ్లేలు, పసుపు పొట్లాలు. దాని మీద ఇంకో బోర్డు: ‘పిల్లల వర్క్‌షాపు: ఆయా నెత్తురు మీరే తయారు చేసుకోండి.’

“ట్రస్టీలు రాత్రే కూర్చున్నారు శివా,” అంది ఫియోనా. గొంతులో తేనె ఏమాత్రం తగ్గలేదు. “నేను చెప్పాను వాళ్లకి, మాటిచ్చానని. కానీ జనం ఎంతగా కదిలిపోయారో మీరే చూశారు కదా! ఇన్నాళ్లూ అదొక నేరస్తురాలి జడ. ఇప్పుడే దానికొక అర్థం వచ్చింది. ఇప్పుడు తీసేస్తే ఆవిడకే అన్యాయం కాదూ?”

“నెత్తురు కాకపోతే జడ ఇక్కడ ఉండటానికి వీల్లేదన్నది మీరే.”

“అప్పటి సందర్భం వేరు. మీరు కోపగించుకోకండి. మీ వల్లే ఇదంతా! వాలంటీర్లు వచ్చారు. ఒక్కసారి ఆ నీళ్లు ఎలా కలపాలో చూపిస్తే పిల్లలకు సైన్సు మీద ఎంత ఆసక్తి కలుగుతుందో ఆలోచించండి.”

శివపార్వతి ఆ పళ్లేల వైపు చూసింది. హంతకురాలని చెప్పి ఒకసారి అమ్ముకున్నారు. నిర్దోషి అని చెప్పి రెండోసారి అమ్ముకుంటున్నారు. శవాల మీద పేలాలు ఏరుకునేవాళ్ల గురించి విన్నది గానీ, ఏరుకుంటూ శవానికే ఉపకారం చేశామనుకునేవాళ్లను చూడటం ఇదే మొదలు. అన్నిటికంటే అసహ్యం, ఆ పేలాలు ఈసారి తన చేత్తో చల్లినవే.

“సరే,” అంది. “చూపిస్తాను.”

వాలంటీర్లు ఫోన్లెత్తి చుట్టూ మూగారు. నిన్నటి సామాను ఇంకా ఉన్న సంచిలోంచి పుష్పలీల ఆంటీ పళ్లెం తీసింది. నీళ్లు, పసుపు, సున్నం, బొగ్గు. ఎర్రబడగానే అబ్బా అన్నారు. అంతటితో అయిపోయిందనుకున్నారు. ఆమె చెప్పులు విప్పి పక్కన పెట్టింది. పళ్లెం రెండు చేతులా పట్టుకుని అద్దాల పెట్టె చుట్టూ నడవడం మొదలుపెట్టింది.

దిష్టి అన్నదాన్ని ఆమె ఏనాడూ నమ్మలేదు. హాసిని పుట్టినప్పుడు అమ్మ తీస్తానంటే విసుక్కుంది కూడా. కానీ లోకంలో దిష్టి అనేది నిజంగా ఉంటే, దీనికి తగిలినంతగా ఇంక దేనికీ తగిలి ఉండదు. తరాల తరబడి కేకు నములుతూ చూసిన కళ్లు, పిల్లల్ని ఎత్తుకుని చూపించిన కళ్లు, నిన్న చెమర్చిన కళ్లతో సహా. “ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి, చూసినవాళ్ల దిష్టి, చూడనివాళ్ల దిష్టి,” అంది పైకే, స్పష్టంగా. ఆ గోడల మధ్య తెలుగు మాట అంత గట్టిగా వినిపించడం ఆయా తర్వాత అదే కాబోలు. రెండో చుట్టుకు ఫోన్లు దిగిపోయాయి. మూడో చుట్టుకు ఎవరూ నవ్వడం లేదు.

పళ్లెం పట్టుకుని తిన్నగా గుమ్మం దాకా నడిచి, కోర్టు ముందు తెల్లరాతి మెట్ల మీద ఆ నీళ్లు బోర్లించింది. ఎరుపు మెట్టు మీంచి మెట్టు మీదికి జారింది.

“దాన్ని తొక్కకండి,” అంది ఫియోనాతో. చెప్పులేసుకుని కారెక్కింది. దారి పొడుగునా, మిల్టన్ కీన్స్ గళ్ల రోడ్ల మీద రౌండబౌట్ తర్వాత రౌండబౌట్ తిరుగుతూ, చిన్నపిల్లలా ఏడ్చింది. తాను చేసిన పని తలచుకుంటే సిగ్గేసింది. సైంటిస్టట, సైంటిస్టు!

బుధవారం మధ్యాహ్నం ఫియోనా ఫోన్ చేసింది. గొంతులో తేనె ఇగిరిపోయింది.

“శివా, ఆ మెట్ల మీద మరక పోవడం లేదు. సబ్బు పెట్టి తోముతున్నాం, రోజూ. తోమేకొద్దీ ఎర్రబడుతోంది.”

సబ్బు పెడితే ఎర్రబడుతుందని శివపార్వతి శనివారం తెర మీద చూపించింది. ఆ హాలులో కూర్చుని చప్పట్లు కొట్టినవాళ్లలో ఫియోనా కూడా ఉంది.

“మేమేం మూఢులం కాదు, మీకు తెలుసు. అది పసుపేనని మాకూ తెలుసు,” అంది ఫియోనా గబగబా. “కానీ టికెట్లు ఇచ్చే అమ్మాయి సోమవారం ఆ మెట్టు తప్పించబోయి పడి మణికట్టు విరగ్గొట్టుకుంది. నిన్న పై అంతస్తులో నీళ్ల పైపు పగిలింది. వాలంటీర్లు పెట్టె దగ్గరికి పోనంటున్నారు. ఛైర్మన్ గారు కూడా వెనక గుమ్మంలోంచి వస్తున్నారు. పసుపు సరే. మీరు అలా తిప్పారు కదా. ఏదో అన్నారు కదా. ఏమన్నారు మీరు?”

ఇప్పుడు చెప్పాలి. చూడటానికి వచ్చినవాళ్ల కళ్ల గురించి అన్న మాటలమ్మా అవి, శాపం కాదు. సబ్బు మానండి. పసుపు వెలుగుకు ఆగదు, నాలుగు రోజులు మంచి ఎండ తగిలితే దానంతటదే పోతుంది. ఈ మూడు ముక్కలు చెప్పడం ఆమె వృత్తి, ఆమె తిండి. తెలిసిన నిజాన్ని నోట్లో దాచుకోవడం ఏనాడూ చేయని పని. మాటలు నాలుక కొసదాకా వచ్చి నిలబడ్డాయి.

“జడ ఎప్పుడు తీసుకెళ్లమంటారు?” అంది.

అవతల ఊపిరి వదిలిన చప్పుడు వినిపించింది. “రేపే. పొద్దున్నే. కాగితాలన్నీ సంతకాలు పెట్టించి ఉంచుతాను.”

గురువారం సన్నటి జల్లు. మెట్ల మీద ఒకతను మోకాళ్ల మీద కూర్చుని, బకెట్ పక్కన పెట్టుకుని, బ్రష్షుతో తోముతున్నాడు. సబ్బు నురగ కింద రాయి చెంప వాచినట్టు ఎర్రగా ఉంది. శివపార్వతి పక్కనుంచి ఎక్కబోయింది గానీ ఫియోనాయే గుమ్మంలోకి ఎదురొచ్చింది. చేతులు బారజాపి, ఒంటికి దూరంగా, ఒక అట్టపెట్టె పట్టుకుని ఉంది. కాఫీ షాపులో కేకులు కట్టిచ్చే పెట్టె. మూత మీద నవ్వుతున్న కప్పు బొమ్మ.

శివపార్వతి అక్కడే మూత తెరిచి, జడను రెండు చేతులతో పైకి తీసి, తెల్ల పంచె ముక్కలో చుట్టింది. ఖాళీ పెట్టె ఫియోనా చేతికే తిరిగిచ్చేసింది.

“ఇక ఆగిపోతుంది కదా?” అంది ఫియోనా. మొహం నిజంగానే పాలిపోయి ఉంది.

శివపార్వతి ఆకాశం వైపు చూసింది. నవంబరు ఆకాశం, తడిగుడ్డ కప్పినట్టుంది. సూర్యుడి జాడ లేదు, మరి కొన్నాళ్లు ఉండదు కూడా.

“ఆగుతుంది,” అంది. “కాస్త టైం పడుతుంది.”

కారులో కూర్చుని మూటను ఒళ్లో పెట్టుకుంది. దెబ్బకు దెయ్యం దిగిందని నవ్వుకోవాల్సిన చోట నవ్వు రాలేదు. ఆయా కాలంలో మంత్రాలకు భయపడి ఉరి తీశారు. ఇప్పుడు మంత్రాలకు భయపడి వదిలేశారు. మధ్యలో ఇంత సైన్సు పుట్టి ఏం లాభం? బోనెక్కి నిజం చెబితే చప్పట్లు కొట్టి చీటీ మార్చారు. పళ్లెం తిప్పితే జడ ఇచ్చారు. ఆమెకు వాళ్ల మీద అసహ్యం తగ్గలేదు. అందులో ఇప్పుడు తనకూ ఒక వాటా ఉంది. అయినా ఆ మూట వెనక్కి ఇచ్చేయమంటే ఇవ్వదు, చచ్చినా ఇవ్వదు.

పంచె మూటను పక్క సీటులో పెట్టింది. బ్రేకు వేస్తే జారిపోతుందని సీటు బెల్టు లాగి దాని మీదుగా పెట్టింది. ఏదో ఒకటి అనాలనిపించింది. ఏమని పిలవాలో తెలియలేదు. మేరీ ఆవిడ పేరు కాదు, కోరంగి ఆవిడ పేరు కాదు.

“పోదాం పదమ్మా,” అని బండి తీసింది.